కుడికి లాగే బండి

"ఫ్రేము వంగలేదని మెకానిక్ చెప్పేదాకా నేనీ బండెక్కను."

కొత్తపేటలో ఇద్దరూ బండి మీంచి పడ్డ రోజే బాపిరాజు భార్య తేల్చి చెప్పేసింది. నెలరోజులుగా ఆవిడ మెట్రోలో, ఆయనొక్కడే బండి మీద. అదేమో కుడికే లాగుతోంది.

ఇవాళ తీర్పు వినడానికి ఆవిడా దిల్‌సుఖ్‌నగర్ షెడ్డుకి వచ్చింది.

మెకానిక్ లింగస్వామి వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా దారం పట్టి చూశాడు. అతుకుల దగ్గర రంగు గీకి పగుళ్లు వెతికాడు. చివరికి తనే ఒక చుట్టు నడిపి వచ్చాడు.

"ఫ్రేము మంచిగుంది సార్. నాకైతే సక్కగనే పోయింది. అమ్మ ఎట్ల కూసుంటది?"

"రెండు కాళ్లూ ఎడమ పక్కకేసి. ఇరవై ఏళ్లుగా అంతేనయ్యా."

"గదే మరి! అమ్మ ఎడమకుంటదని మీరు కుడికి ఒరుగుడు నేర్చిండ్రు. ఇప్పుడు ఎనక అమ్మ లేదు, మీ ఒరుగుడు పోలే."

ఆవిడ పకపకా నవ్వింది. "అయితే వంకర బండికి కాదన్నమాట!"

హెల్మెట్ పెట్టుకుని, కుచ్చిళ్లు సర్దుకుని, మొగుడి భుజం పట్టుకుని ఎక్కింది.

ఎల్బీనగర్ దాకా బండి దారం పట్టినట్టు తిన్నగా పోయింది.