నల్లకోట తలుపు

అన్న పోయిన రోజే నల్లకోట రాజు నోరు కూడా మూతపడింది.

అన్నది ఫొటోఫ్రేముల కొట్టు. ఆదివారం మధ్యాహ్నాలు దాని పైగదిలో నలుగురూ చేరి కథ ఆడేవాళ్ళు. చెల్లెలు దొంగ, టైలరమ్మ సేనాని, కాంపౌండర్ వైద్యుడు. ఎవరి వేషానికి వాళ్ళే మాట చెప్పాలి. తెగని చోట పాచికలు తేలుస్తాయి. శత్రువైన నల్లకోట రాజు తరఫున మాత్రం అన్నే మాట్లాడేవాడు.

రాజు వంతు రాగానే ఫోను పట్టుకుని వరండాలోకి పోయేవాడు.

"మళ్ళీ ఫోనా? పెళ్ళిసంబంధమా ఏంటి బాబూ?" అని టైలరమ్మ దెప్పేది.

నవ్వుతూ తిరిగొచ్చి, ముగ్గురి ఎత్తులూ చిత్తయ్యే జవాబు చెప్పేవాడు. ఒక్క బుర్రలో ఇన్ని జిత్తులెలా పడతాయో ఎవరికీ అంతుపట్టేది కాదు.

ఇప్పుడు ముగ్గురూ కోట తలుపు ముందు ఆగిపోయారు. లోపలి రాజు ఏం చేస్తాడో చెప్పేవాడు లేడు.

అన్న కథను ఎలాగైనా ముగించాలని చెల్లెలి పట్టుదల.

ఒక్కతే కూర్చుని రాసింది. ఆమె అనిపించిందే రాజు అన్నాడు. చింపేసింది.

కాంపౌండర్ వీడియో గేమ్ తెచ్చాడు. "చూడమ్మా, దీంట్లోనూ కోట ఉంది, రాజున్నాడు."

టైలరమ్మ ఆ రాజును తిట్టింది, బతిమాలింది. వాడు వచ్చిన మూడు ముక్కలే మళ్ళీ వల్లించాడు.

"వీడికన్నా నా కుట్టుమిషను నయం. తిడితే దారమైనా తెంపుతుంది."

ఒక ఆదివారం, గొడుగు ఊతంగా ఓ పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు.

"ఇక్కడో కుర్చీ ఖాళీగా ఉందని విన్నాను. నెలాఖరుకి ఊరు వదిలిపోతున్నా. అందాకా ఆడనిస్తారా?"

"ఏ వేషం కావాలి బాబాయ్‌గారూ?" అని అడిగింది చెల్లెలు.

"కోట కందకంలో పడవ నడిపేవాణ్ణి."

"వీరుడూ శూరుడూ వద్దా?"

"వీరులు మీరున్నారుగా. ఒడ్డుకు చేర్చేవాడొకడుండాలి కదా!"

ఆయనకు పాచిక ఎన్నడూ కలిసిరాలేదు. పడవ రెండుసార్లు మునిగింది.

"మీ పడవకన్నా మా ఇంటి నీళ్ళతొట్టి నయం బాబాయ్," అన్నాడు కాంపౌండర్.

అందరికన్నా గట్టిగా ఆయనే నవ్వాడు.

ఆయన ఆడే ఆఖరి ఆదివారం. సేనాని మూడుసార్లు తలుపు బద్దలు కొట్టబోయి ఓడింది. వంతు చెల్లెలికి వచ్చింది. పాచిక ముట్టుకోలేదు.

"కత్తి పడేసి తలుపు తడతాను. రాజా, మా కథ చెప్పేవాడు పోయాడు, ఎటూ పోలేక నీ వాకిట్లో నిలబడ్డాం అంటాను."



"తీస్తాడు," అన్నాడు పెద్దాయన.

"వాడా? చచ్చినా తీయడు! ఇన్నేళ్ళూ మా ప్రాణాలు తోడేశాడు," అంది టైలరమ్మ.

"తీస్తాడమ్మా. మీ ఎత్తేంటా అని వారమంతా ఎదురుచూసినవాడు. మీరు బయటుంటే, లోపల ఒక్కడే ఆ కోట ఏం చేసుకుంటాడు?"



"పాచిక వెయ్యనా?" అంది చెల్లెలు.

"దీనికి పాచికెందుకు? లోపలికి రండి," అన్నాడు పెద్దాయన.

టైలరమ్మ కొలత టేపును జెండాలా తిప్పింది. కాంపౌండర్ బల్లెక్కి కేకపెట్టాడు. అన్న పోయాక మొదటిసారి చెల్లెలు పగలబడి నవ్వింది. కోట గెలిచారు! అన్న కథ ఒడ్డుకు చేరింది!

ఆ గోలలో పెద్దాయన మెట్లు దిగడం ఎవరూ చూడలేదు.

అంతలో అలమరలో అన్న ఫోను మోగింది. ఆ ఫోను పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. అయినా ఆమె రోజూ ఛార్జింగ్ పెడుతూనే ఉంది. ఆదివారం అది మోగడం అన్న పోయాక ఇదే మొదలు.

తెర మీద పేరు: నల్లకోట రాజు.

పెద్దాయన కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె కిటికీ దగ్గరికి పరుగెత్తింది. ఎదుటి బస్టాపులో పడవవాడు, ఎవరూ ఎత్తరని తెలిసీ, ఫోను చెవికి ఆనించుకుని నవ్వుతున్నాడు.

"రాజా!" అని ఆమె అరిచేలోపు బస్సు అడ్డొచ్చింది. ఫోను ఆగిపోయింది.

తన కోట తలుపు తానే తీసి ఓడినవాడికి, గెలిచిన ముగ్గురూ ఇంకా ఒక్క మాటైనా చెప్పలేదు.