తెల్లగోడ ముందు తెల్లతాడు

“తాడేది పాపా? తాడే కనపడకపోతే గెలిచిందెవరో ఎట్ల తెలిసేది?” అని స్టూడియో నడిపే ఝాన్సీని అడుగుతూ కాటమరాజు కంప్యూటర్ తెరకు ముక్కు ఆనించినంత పని చేశాడు.

తెర మీద ఇద్దరు పడుచువాళ్ళు భుజం భుజం రాసుకుంటూ పరుగెత్తుతున్నారు. తెల్ల పంచె ఎగగట్టి, మీసాలు మెలేసినవాడు కాటమరాజు. తెల్ల ఓణీ బిగించిన పిల్ల, ఇప్పుడు ఆయన పక్కన కూర్చున్న ఆయన భార్య పాపమ్మే. వెనక సున్నం కొట్టిన సత్రం గోడ. పందెం ముగిసేచోట నడుము ఎత్తున ఒక నూలుతాడు పట్టుకున్నారట. మిట్టమధ్యాహ్నం ఎండకు గోడా, బట్టలూ, తాడూ ఒకే తెలుపై కూర్చున్నాయి.

“మా ఇంట్లో పటం గూడ ఇంతే,” అన్నాడు కాటమరాజు. “తిరణాల్లో పెద్దమనుషులు నేనే గెలిచినానన్నారు. ఇది గూడ ఒప్పుకునింది. ఏమే, ఒప్పుకున్నావా లేదా?”

“ఒప్పుకున్నా. అప్పటి మాట అప్పటిది,” అంది పాపమ్మ. “నువ్వు ఆ రెండో మిషన్లో గూడ పెట్టి చూడు పాపా.”

గొడవంతా మనవరాలు హారిక గురించి. బడిలో పరుగుపందెం గెలిచింది, రేపు పొద్దున ఒంగోలులో శిక్షణకు చేరాలి. తల్లీతండ్రీ బెంగుళూరులో కూలిపనికి పోయారు, ఇంట్లో తాత మాటే శాసనం. తాతేమో, “ఆడపిల్ల ఎంత ఉరికినా ఆడపిల్లే. మీ అవ్వ నన్ను దాటిందా?” అని భీష్మించుకున్నాడు. “దాటినా” అని పాపమ్మ పెళ్ళయ్యాక మొదటిసారి అన్నది. “చూపించు, పంపిస్తా” అన్నాడు ఆయన. గొర్రెలను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి, అర్ధవీడు నుంచి మార్కాపురం వచ్చి, ఆనాడు ఆ ఫొటో తీసిన శేషగిరిరావు స్టూడియోలో దిగారు. శేషగిరిరావు పోయి చాలా కాలమైంది. నెగెటివ్‌లూ, వాటితోపాటు కూతురు ఝాన్సీ మిగిలారు.

ఝాన్సీ దగ్గర రెండు స్కానర్లున్నాయి. ఒకటి అద్దం మీద ఫిల్ములు పరిచేది. పలకల ఊరు కదా, దాన్ని వీధిలో అందరూ పలక అనే అంటారు. రెండోది ఫిల్ము కోసమే చేసినది, ఒక్కో బొమ్మనే మింగి నిదానంగా నెమరేస్తుంది. ఫోన్లలో పెళ్ళిళ్ళు తీసే కాలంలో ఫిల్ము మిషను కొన్న తెలివితక్కువది అని ఝాన్సీకి బజారంతా పేరు.

“ఎండ ఎక్కువ పడినచోట ఫిల్ము చిక్కగా నల్లబడి ఉంటదవ్వా. పలక వెలుగు అందులో దూరదు. దీనిది దూరుద్ది,” అంటూ ఆమె ఫిల్మును రెండో మిషన్లోకి తోసింది.

మిషను గురగురమంటుంటే, ఊరికే ఉండలేక అడిగింది. “ఇంతకీ ఏం పందెం తాతా?”

కాటమరాజు నోరు తెరవబోయాడు. “ఏదో వయసు పందెంలే,” అని పాపమ్మ మధ్యలోనే తుంచేసింది.

బొమ్మ వచ్చింది. గోడ వెన్న పూసినట్టు నున్నగా ఉంది. తాడు జాడే లేదు. ఝాన్సీ మిషను వైపు చూసింది. బజారు అన్నదే నిజమా?

“ఇంక బస్టాండుకు పోదాం పా,” అని కాటమరాజు కండువా దులిపాడు. పాపమ్మ కదల్లేదు. తెరనే చూస్తూ, “ఏమయ్యా, నీ మీసం ఏమైంది?” అంది.

చూస్తే నిజమే. మెలేసిన కొనలు రెండూ మాయమై, మీసం గొరిగి వదిలేసినట్టుంది.

ఝాన్సీ నెత్తి కొట్టుకుంది. నిన్న రంగు ఫిల్ము చేస్తూ దుమ్ము తుడిచే మీట నొక్కి, అట్లాగే వదిలేసింది. రంగు ఫిల్ముకు అది వరమే. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మంతా వెండి రేణువులు. మిషను వాటినే దుమ్మనుకుంటుంది, సన్నటిదల్లా గీత అనుకుని చెరిపేస్తుంది.

“నీ మీసాన్నీ దుమ్మనుకునింది తాతా.”

“ముందు నా మీసం నాకు పెట్టు,” అన్నాడు కాటమరాజు, మళ్ళీ కుర్చీలో కూలబడి.

మీట తీసేసి, ఫిల్ము మీది దుమ్మును రబ్బరు బుడ్డితో ఊది, మళ్ళీ పెట్టింది. ఈసారి గోడ మీద సున్నం పొలుసులు లేచాయి. మీసం కొనలు వచ్చాయి, ఆయన ముఖం వెలిగింది. ఆ తర్వాత తాడు వచ్చింది. పాపమ్మ నడుముకు బిగిసి, ముందుకు సాగి ఉంది. కాటమరాజు ఇంకా దానికి జానెడు వెనకే ఉన్నాడు.

కాటమరాజు ఆ జానెడునూ తెర మీద వేలితో కొలిచాడు. ఆయన ఫోను తీసి, “హారికా, బట్టలు సర్దుకో. రేపు నేనే తోలకపోతా,” అన్నాడు. “మీ అవ్వ కాళ్ళు వచ్చినాయి నీకు. నన్నే దాటిన కాళ్ళు.” ఫోను పెట్టేసి, టీ చెప్పొస్తానని బయటికి నడిచాడు. నా పెళ్ళాం నన్ను దాటిందబ్బా అని టీ కొట్టు దగ్గర చెప్తున్న గొంతు లోపలికి వినిపించింది, ఓడినవాడి గొంతులా అయితే లేదు. ఆ మాట బజారంతా వినాలనిపించింది ఝాన్సీకి. ఎంత సంతోషమంటే, ఆ మిషనును ముద్దుపెట్టుకోబోయి సిగ్గుపడి ఆగిపోయింది.

“అంత స్పష్టంగా నువ్వే గెలిచినావు గదవ్వా, మరి ఆ పొద్దు ఓడిపోయినానని ఎందుకు ఒప్పుకున్నావు?”

పాపమ్మ వాకిలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“ఓడితేనే ఈయన్ని చేసుకుంటానని పందెం కట్టినా పాపా.”