లెవెల్ ఇంకా రాలేదు

"ఎడమవైపు పల్లం," అంది భార్య, రసమట్టం మీద నుంచి కళ్లెత్తకుండా.

గుమస్తా దిమ్మిసను నేలకు ఆనించి, దాని పిడి మీద గడ్డం పెట్టుకుని ఆయాసపడ్డాడు. "కళ్లజోడు తుడుచుకుని చూడవే. బుడగ మధ్యలోనే ఉంది."

"మధ్యలో ఉంటే నేనెందుకంటాను? గీత దాటింది. పెళ్లగించి మళ్లీ కొట్టండి."

పెరట్లో, వంటింటి గోడ పక్కన నాలుగు మంచాలు పట్టేంత జాగా ఉంది. అక్కడ పలకలు పరిచి, సాయంత్రాలు కుర్చీ వేసుకుని కూర్చోవాలని గుమస్తా కోరిక. భార్య సరేనంది. అని ఊరుకుందా? తమ్ముడి ముందు ఓ మాట వదిలింది: "ఈయన వల్ల ఏమవుతుందిరా, నువ్వే వచ్చి పరిచిపో."

చెయ్యమంటే చెయ్యడు గానీ, చెయ్యలేవంటే ప్రాణం పెట్టేస్తాడు గుమస్తా. అదీ అతని జబ్బు. పోయినేడు డాక్టరు రోజూ నడవమన్నాడని, ఆ డాక్టరున్న వీధిలోకి వెళ్లడమే మానేశాడు.

"నా వల్ల కాదా? తవ్వేదీ నేనే, కొట్టేదీ నేనే!" అని లేచాడు. అతనితో పాటు కుర్చీ కూడా లేచింది. ఆఫీసు కుర్చీలో ఏళ్ల తరబడి ఊరిన ఒళ్లు మరి.

బామ్మర్ది అసలు సిసలు మేస్త్రీ. వాడికి నవ్వు ఆగలేదు. "బావా, లెవెల్ తెచ్చావంటే చుట్టాలందరి ముందూ గురువుగారూ అని నీకు దండం పెడతా. తేలేకపోతే నువ్వు నాకు పెట్టాలి."

"నీకా? నా పెళ్లినాటికి లాగూ బొత్తాం పెట్టుకోవడం రాని వెధవ్వి! సరే, పందెం."

దిమ్మిస అంటే ఏముంది, పొడుగాటి కర్రకి అడుగున ఇనప దిమ్మ. ఎత్తాలి, వెయ్యాలి. చెప్పడానికి అంతే. మనం దర్జాగా కాళ్లు చాపుకునే ప్రతి నేల కిందా ఎవరివో భుజాలు అరిగిపోయి ఉంటాయి. పట్టుకుంటే గానీ తెలీదు. గుమస్తా పట్టుకున్నాడు, తెలిసొచ్చింది. జానెడు లోతు మట్టి తీశాడు. అడుగు కొట్టాడు. కంకర పోసి, నీళ్లు చల్లి కొట్టాడు. మళ్లీ కంకర, మళ్లీ నీళ్లు, మళ్లీ కొట్టుడు. పైన రాతిపొడి పోసి బద్దతో లాగాడు. ఆఫీసులో మిగిలిన సెలవులన్నీ ఈ గుంతలోనే పోశాడు.

"మిషను అద్దెకి తెస్తానే. పూటలో అయిపోతుంది," అన్నాడు ఓనాడు నడుం పట్టుకుని.

"తేండి. పని మిషను చేసిందని తమ్ముడికి చెప్తాను."

మిషను రాలేదు.

అలాగని ఆవిడేం రాక్షసి కాదు. పొద్దున్నే, టీ కూడా ఇవ్వకుండా, ముందు అతని చెయ్యి పట్టుకునేది. "అయ్యో, కర్ర పేడు గుచ్చుకుందండీ." సూదితో వేలి చివర పొడిచి, నెత్తుటి చుక్కని ఓ చిన్న అట్టముక్కకి అద్ది, లోపలికి పట్టుకుపోయేది. ఒక్కోనాడు మధ్యాహ్నం భోజనమయ్యాక కూడా ఇదే వరస. పెళ్లయిన కొత్తలో కూడా ఇంత శ్రద్ధ ఎరగడు. లోలోపల మురిసిపోయేవాడు. పేడు మాత్రం అతనికి ఒక్కనాడూ కనబడలేదు.

ఆ తర్వాత ఫోను. పలకల షాపులో లెవెల్ చూసే సారు ఒకాయన ఉన్నాడట. ఆయన సరేనంటే తప్ప పలకలు కదలవట. గుమస్తా కిటికీ కింద నిలబడి చెవులు రిక్కించేవాడు.

"లేదండీ, లెవెల్ ఇంకా ఎక్కువే ఉంది... పొద్దున కాస్త నయం సార్, మధ్యాహ్నానికి పెరిగిపోతోంది... అలాగేనండీ, ఇంకా కొట్టిస్తాను."

మధ్యాహ్నానికి పెరుగుతోందంటే, ఎండకి మట్టి ఉబ్బుతోందన్నమాట! ఆ పూట సగం అన్నంలో లేచిపోయి దిమ్మిస అందుకున్నాడు. భార్య మిగతా సగం తినమని ఒక్క మాట అంటే ఒట్టు. పాంటు నడుం మీద నిలవడం లేదని దర్జీ ఇంటికెళ్లి మరీ దెబ్బలాడొచ్చాడు.

ఓసారి బామ్మర్ది వచ్చి నేలని మడమతో తన్ని చూశాడు. "బండరాయిలా ఉందే అక్కా! ఇంకా ఏం కొట్టిస్తావు?"

"లెవెల్ సార్ ఒప్పుకోవాలిగా."

"ఎవరే ఆ సారు? ఇన్నేళ్లుగా పలకలు పరుస్తున్నా, లెవెల్ అడిగే షాపువాడు నాకెక్కడా తగల్లేదు!"

"తగలడు. నీ పనికి అంత మర్యాద ఎవడిస్తాడురా?" అని గుమస్తా విరుచుకుపడ్డాడు. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

చివరికి ఓ ఆదివారం, చుట్టాలందరూ చూస్తుండగా, రసమట్టంలో బుడగ గీతల నడుమకొచ్చి కూర్చుంది. ఎక్కడ పెట్టినా అంతే. బామ్మర్ది చెప్పులు విప్పి, "గురువుగారూ!" అని సాష్టాంగపడ్డాడు. గుమస్తా కూర్చోలేదు. కుర్చీ తెస్తామన్నా వద్దని, దిమ్మిస భుజాన వేసుకుని ఆ నేల మీదే అటూ ఇటూ పచార్లు చేశాడు.

"కాఫీలు తెస్తానుండండి," అని భార్య లోపలికెళ్లింది. కుళాయి గట్టు మీద ఆవిడ ఫోను మోగింది. తెర మీద 'లెవెల్ సార్'. గుమస్తా గబుక్కున అందుకున్నాడు.

"అమ్మా, పొద్దున మీరు పంపింది చూశాను. లెవెల్ సరిగ్గా ఉండాల్సిన చోటికి వచ్చేసింది. భలే చేయించారు!"

"చేయించడమేంటి సార్, చేసిందంతా నేనైతే!" గుమస్తా ఛాతీ పొంగింది. "ఇక ఆలస్యం చెయ్యకండి. పలకలు పంపించెయ్యండి."

అటువైపు నుంచి నవ్వాపుకుంటున్న గొంతు.

"నేను మీ షుగరు డాక్టర్నండీ."