నేల ఇంకా గట్టిగానే ఉంది

"వసంతమట, వసంతం!" కాండ్రించి ఉమ్మాడు ఎల్వుడ్. "ఒక్క పిట్ట కూసిందో లేదో, ఊరు ఊరంతా స్వెట్టర్లు విప్పేసి వాకిట్లో చేరింది. సిగ్గులేని జనం."

సమాధుల తోట గేటు దగ్గర నిలబడ్డ పాస్టర్ కొరిన్‌కి ఒళ్ళు మండింది. దక్షిణాదిలోని జార్జియా నుంచి ఈ ఉత్తరపు కొసకి వచ్చి ఆమెకింకా నెల తిరగలేదు. వచ్చిన దగ్గర్నుంచీ గోతులు తవ్వే ఈ ముసలాయనతో ఇదే గొడవ.

చలికాలంలో ఇక్కడ నేల రాయైపోతుంది. పార దిగదు. ఆ రోజుల్లో పోయినవాళ్ళను పెట్టెల్లో ఉంచి గుట్ట పక్కనున్న రాతి గదిలో దాస్తారు. మంచు కరిగాక ఒక్కొక్కరినీ పూడుస్తారు. ఈసారీ అందరినీ పూడ్చారు. హేజెల్ అనే ఒక్కావిడ మాత్రం లోపలే మిగిలిపోయింది. ఎప్పుడడిగినా ఎల్వుడ్‌ది ఒకటే పాట. నేల ఇంకా గట్టిగానే ఉందట.

ఎండ ముదురుతోంది. రాతి గది చల్లదనం ఎన్నాళ్ళో ఆగదు. అది తలుచుకుంటే కొరిన్‌కి తిండి సయించడం లేదు. కొట్టు నడిపే మర్లిన్‌తో మొరపెట్టుకుంటే, "అది ఎల్వుడ్‌కే వదిలెయ్యండి పాస్టరమ్మా" అని బంగాళాదుంపలు తూచుకోవడంలో పడిపోయింది. బద్ధకస్తుణ్ణి వెనకేసుకు రావడానికి ఊరంతా ఏకమైందన్నమాట.

"మిగతా గోతులెలా తవ్వారు మరి?" నిలదీసింది కొరిన్.

"అటువైపు ఎండ తగుల్తుంది. ఇటు తగలదు."

కొరిన్ ముందుకొచ్చి మడమతో నేలను గట్టిగా నొక్కింది. బూటు బురదలోకి దిగబడింది. లాగితే కాలొచ్చింది కానీ బూటు రాలేదు.

"చూశారా? ఇదేనా మీ గట్టి నేల?" ఒంటికాలి మీద నిలబడే అడిగింది.

"పైపై బురద. కిందంతా ఐసే." ఎల్వుడ్ బూటు పీకి ఆమె చేతికిచ్చాడు. "దక్షిణాదోళ్ళకేం తెలుస్తుందిలే! ఐసు మీరు ఫ్రిజ్‌లో చూడ్డమేగా."

"ఆ హేజెల్‌కి ఎవరూ లేరా? అడిగే దిక్కే లేదా?"

"ఎందుకు లేదు? మొగుడున్నాడు."

"ఉండి ఏం చేస్తున్నాడు?"

"వాడి మొహం, వాడేం చేస్తాడు? ఉత్త చచ్చు సన్నాసి. ప్రతిదానికీ రేపు, రేపు అనేవాడు. ఆవిడ సముద్రం చూడాలని అడిగీ అడిగీ నోరు నొప్పెట్టి ఊరుకుంది. ఒక్కసారైనా తీసుకెళ్ళాడా? లేదు. ఇప్పుడూ అంతే."

"పెళ్ళాం పెట్టెలో పడుంటే చలనమే లేదా? రాయా ఆ మనిషి?"

"రాయే," ఒప్పుకున్నాడు ఎల్వుడ్.

కొరిన్ ఇక ఆగలేకపోయింది. బురద బూటులోనే కాలు దూర్చింది.

"ఇల్లెక్కడో చెప్పండి. నేనే వెళ్ళి తలుపు తడతాను. ఆ పెద్దమనిషిని నాలుగు దులిపితే గానీ నా కడుపుమంట చల్లారదు. రేపు పక్క ఊరి నుంచి తవ్వే మిషన్ తెప్పిస్తున్నాను. మీరూ వద్దు, మీ పారా వద్దు!"

ఎల్వుడ్ పార తీసుకుని గుట్ట వారనున్న చెట్టు దాకా నడిచాడు. ఒక్క పోటు పొడిచాడు. పార పలక మొత్తం చప్పుడు లేకుండా మట్టిలోకి దిగింది.

"ఏ తలుపూ తట్టక్కర్లేదు పాస్టరమ్మా, మిషనూ తేకండి," అన్నాడు టోపీ తీసి, "పెళ్ళైన రోజు నుంచీ హేజెల్‌కి పక్క వేసింది నేనే, ఇదీ నేనే వేస్తాను."