శెట్టిగారి సిఫారసు

"ఆడ నీళ్లు ఎట్లుంటాయప్పా?" అని అడిగాడు కాశీవిశ్వనాథం శెట్టి, మనవరాలు తెచ్చిచ్చిన మజ్జిగ తాగుతూ.

రాజరత్నానికి ఒళ్లు మండింది. అతను ఆళ్లగడ్డలో శెట్టి బట్టలకొట్టు అరుగు మీద మిషను పెట్టుకుని కుట్టుపని చేసుకునే మనిషి. కూతురు ఎస్తేరు అయిదో తరగతి పాసైంది. భార్య హన్నమ్మతో కలిసి నంద్యాలలో బడులన్నీ తిరిగి తిరిగి, హాస్టలున్న ఒక ఆడపిల్లల బడిని చూసి మనసు పడ్డాడు. తీరా అడిగితే, ఆరో తరగతిలో ఒక్క సీటే మిగిలిందని, అది కమిటీ ప్రెసిడెంటు ఎవరికిమ్మంటే వాళ్లకేనని పెద్ద టీచరమ్మ చెప్పేసింది. ఆ ప్రెసిడెంటు శెట్టికి చిన్ననాటి స్నేహితుడు. ఒక్క మాట చెప్పిపెట్టండి సామీ అని వస్తే ఈయన నీళ్ల దగ్గర మొదలుపెట్టాడు!

"తియ్యగా ఉంటాయి సామీ. నేనే తాగినా."

"గోడ ఎత్తుగా ఉండాదా? వార్డెనమ్మ ఎట్లాంటిది? అన్నీ కనుక్కోకుండా నేను మాట చెప్పనప్పా."

చేసేదేముంది, అవసరం తనది. కుట్టాల్సిన జాకెట్లు పక్కన పడేసి రాజరత్నం మళ్లీ నంద్యాల బస్సెక్కాడు. గోడ ఎక్కాలంటే నిచ్చెన కావాలని, వార్డెను ప్రమీలమ్మ పిల్లలకు తనే తల దువ్వుతుందని వచ్చి చెప్పాడు. శెట్టి అంతా విని, గజంబద్దతో వీపు గోక్కుని, ఇంకో ప్రశ్న తీశాడు. శాకాహారం వేరే పొయ్యి మీద వండుతారా, లేక అన్నీ ఒకే పొయ్యి మీదనా అని.

రాజరత్నానికి ఇది వింతగా తోచింది. ఎండుచేపల పులుసు ఉందంటే ఎస్తేరు ఇంకో ముద్ద ఎక్కువే తింటుంది, దానికి ఏ పొయ్యి అయితేనేం? తన మాట మీద చేరే పిల్ల కదా, అన్నీ పద్ధతిగా ఉండాలని శెట్టి పట్టింపు కాబోలు అని సరిపెట్టుకున్నాడు. హన్నమ్మ మాత్రం ఊరుకోలేదు.

"ఆయప్ప సీటు ఇప్పిస్తాండాడా, పెండ్లి సంబంధం చూస్తాండాడా?" అని మొగుడి మీద విరుచుకుపడింది.

మళ్లీ నంద్యాల. మళ్లీ అదే బస్సు, అదే దుమ్ము. ఈసారి ఇంకో ప్రశ్నకు చోటివ్వకూడదని గట్టిగా అనుకుని, రాగానే అరుగెక్కి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. పొయ్యి వేరే, గిన్నెలు వేరే, వంటామె వేరే. ఇంగ్లీషు చెప్పే టీచరమ్మ బంగారం. ఇట్లాంటి బడి కర్నూల్లో కూడా లేదు. తను ఆడపిల్లగా పుట్టి ఉంటే ఆడే చదివేవాణ్ణని కూడా అనేశాడు.

శెట్టి గజంబద్ద కింద పెట్టాడు. "సరేప్పా. రేపు పొద్దున్నే పోయి నేనే మాట్లాడొస్తా."

ఆ మాటకు రాజరత్నం ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో హన్నమ్మ ట్రంకు పెట్టె కడిగి ఎండలో పెట్టింది. ఎస్తేరు వీధిలో కనపడిన వాళ్లందరికీ నంద్యాల పోతాండానని చెప్పుకుని వచ్చింది.

మర్నాడు సాయంత్రం శెట్టి బస్సు దిగి, నేరుగా కొట్లోకి పోయి, నీలం గుడ్డ చించి తెచ్చి మిషను మీద వేశాడు. "సీటు ఖాయమైంది. యూనిఫారం తొందరగా కుట్టు."

రాజరత్నానికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ లోలోపల తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. టేపు జోలికి పోకుండానే కత్తెర అందుకున్నాడు. ఎస్తేరు కొలతలు అతనికి నోటికి వచ్చు.

"కొలతలు తీసుకోకుండా కోస్తాండావేందప్పా?" అంటూ శెట్టి లోపలికి కేకేశాడు. మనవరాలు ఇందుమతి వచ్చి మిషను ముందు నిటారుగా నిలబడింది.

"నువ్వు అంతగా చెప్పినాక ఈ పిల్లను ఇంకో బడికి పంపబుద్ధి కాలేదప్పా," అన్నాడు శెట్టి. "ఒక్కతే అయితే దిగులు పడతాది. ఎవరిచేతనన్నా ఒక మాట చెప్పించుకొని మీ ఎస్తేరును కూడా ఆడే చేర్పించరాదా, తోడుంటాది!"