చాలు అనేదాకా

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురు. నాయనమ్మ రత్తమ్మ, పదో తరగతి చదివే హైమ, ఫిన్లాండ్ నుంచి వెలుగుబొమ్మగా, అంటే హోలోగ్రామ్‌గా వచ్చి చాప మీద కూర్చున్న ఐనో.

చెవిలో పెట్టుకునే యంత్రాలు అన్ని భాషలనూ తర్జుమా చేసిపెడుతుంటే, అక్కడి పిల్లలకు సొంత నోటితో ఇంగ్లీషు మాట్లాడే అలవాటే పోయింది. అందుకే బడులు ఆ యంత్రాలు తీయించి, ఇంగ్లీషులో కబుర్లాడడం నేర్చుకోమని వాళ్ళను ఇలా మన ఇళ్ళకు పంపుతున్నాయి. ఐనో వచ్చి వారమైనా నోరు విప్పలేదు. ఈ రోజూ విప్పకపోతే ఆమెను వేరే ఇంటికి మార్చేస్తారు. మాటలు నేర్పాల్సిన హైమకు ఆమే మొదటి శిష్యురాలు. కానీ హైమ కూడా "హలో" అని తల వంచుకునే రకమే.

"ఏమే, ఇద్దరూ మూగనోము పట్టారా? భోజనం వేళకు వచ్చిన పిల్లకు ఆకైనా వెయ్యవా?" అంటూ నాయనమ్మ ఐనో ముందు అరిటాకు పరిచింది.

"ఎలా తింటుంది నాయనమ్మా? అది వట్టి వెలుతురు!"

"తింటుందో లేదో అదే చెబుతుంది. నువ్వాగు."

వద్దనేదాకా వడ్డిస్తూనే ఉండడం నాయనమ్మ అలవాటు. తనకొచ్చిన ఇంగ్లీషులో "లిటిల్, లిటిల్" అంటూ అన్నం మీద అన్నం పెట్టింది. పులుసు ఆకు దాటి, ఐనో మోకాళ్ళలోంచి పారింది.

"స్టాప్! ఎనఫ్, గ్రాండ్‌మా, ప్లీజ్!" అని ఐనో అరిచి, పకపకా నవ్వేసింది. అందరికీ ఇలాగే పెడతారా అని నాయనమ్మను ఇంగ్లీషులోనే అడిగింది.

హైమ సంబరంగా జవాబు చెప్పబోయింది.

"అడిగింది నన్ను! నువ్వెళ్ళి మజ్జిగ చిలుకు" అని నాయనమ్మ ఆమెను వంటింట్లోకి నెట్టి తలుపు మూసేసి, ఐనో ఎదురుగా కూర్చుంది.