పదకొండో పేరు

రేవు దగ్గర నిలబెట్టబోయే రాతి మీద పదకొండు పేర్లు చెక్కాలి. నలభై ఏళ్ల కిందట పడవ మునిగి చనిపోయినవాళ్లవి. పేర్లు సరిచూసే పని చరిత్ర లెక్చరర్ రెండో సంవత్సరం అమ్మాయికి అప్పగించాడు. సోమవారం రాయి చెక్కే మనిషి వస్తాడు.

శుక్రవారం మధ్యాహ్నానికే అమ్మాయి జాబితానూ, ఒక పుస్తకాన్నీ తెచ్చి కాలేజీ లైబ్రేరియన్ బల్ల మీద పెట్టింది.

“మూడు చోట్ల చూశాను మేడమ్. ఊరి చరిత్ర పుస్తకం, ఇంటర్నెట్, అప్పటి పేపరు. మూడింట్లోనూ పదకొండే.”

లైబ్రేరియన్ కళ్లజోడు సర్దుకుని చదివింది. ఆఖరి పేరు దగ్గర ఆగింది. ‘చిట్టి, ఐదేళ్లు.’

“పదిమందేనమ్మా,” అంది.

“మీకెలా తెలుసు?”

“నా మాట నమ్మకు. ఈ పుస్తకం రాసినాయన దేన్ని చూసి రాశాడు?”

అమ్మాయి చివరి పేజీలు తిప్పింది. “పేపర్ని.”

“ఇంటర్నెట్‌లో పెట్టినవాళ్లు?”

“ఈ పుస్తకాన్ని.”

“అంటే నీకు దొరికింది మూడు కాదు, ఒకటే. అదీ ప్రమాదం జరిగిన మర్నాటి పేపరు. మర్నాటికి ఎవరికేం తెలుస్తుంది? తర్వాతి రోజులవి కూడా చూడు.”

అమ్మాయికి ఒళ్లు మండింది. ఒక్క పేరు కోసం ఇంత చాదస్తమా? అయినా పాత పేపర్ల గదిలో తుమ్ముకుంటూ కట్టలు విప్పింది. మూడో రోజుకే పడవ వార్త మొదటి పేజీలోంచి మాయమైంది. నాలుగో రోజు ఏమీ లేదు. ఐదో రోజూ అంతే.

శనివారం, లైబ్రరీ మూసే వేళకు దొరికింది. తొమ్మిదో రోజు పేపరు, ఆరో పేజీ అడుగున, అగ్గిపెట్టెంత సవరణ. చిట్టి బతికే ఉందట. నది దిగువన ఎవరో జాలరి దంపతులు ఒడ్డుకు చేర్చారట. పిల్ల తన ముద్దుపేరు తప్ప ఇంకేమీ చెప్పలేకపోవడంతో కన్నవాళ్ల ఆచూకీ తెలియడం ఆలస్యమైందట.

ఆ నాలుగు లైన్లూ లైబ్రేరియన్ చాలాసేపు చదివింది.

“తేదీ, పేజీ నంబరు రాసుకున్నావా?”

అమ్మాయి రాసుకుంది. పదకొండో పేరు కొట్టేసింది.

“బతికున్న మనిషిని రాతికెక్కించేసేదాన్ని మేడమ్. పాపం, ఆ పిల్ల ఇప్పుడెక్కడుందో.”

“పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటిదాకా ఈ కుర్చీలోనే ఉంటుంది,” అంది లైబ్రేరియన్.